ఘాత నియమమును, అంకుర సంస్థలును : ఒక గ్రంథ విమర్శ

ప్రయోగశాలలో పుట్టిన భావము ప్రజల చేతికి వస్తువుగా అందుటకు నడుమ చాల దూరమున్నది. ఆ దూరము దాటించుటకు ధనము కావలెను. బ్యాంకు ఆ ధనమును సులభముగా ఇయ్యదు. ఏలయన బ్యాంకు తాకట్టు అడుగును, భావమునకు తాకట్టు లేదు. ఈ చిక్కును తీర్చుటకై రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత అమెరికాలో ఒక ప్రత్యేకమైన పద్ధతి ఏర్పడినది. దానిని వెంచర్ పెట్టుబడి అందురు. ఈ మదుపరులు అప్పు ఇచ్చి వడ్డీ పుచ్చుకొనరు. కొత్త సంస్థలో వాటా కొందురు. సంస్థ మునిగినచో సొమ్ము పోవును. వృద్ధి పొందినచో వాటా విలువ పెరుగును. ఇట్లు వాటాల సొమ్ముతో బయలుదేరు కొత్త సంస్థలనే నేడు అంకుర సంస్థలనియు, స్టార్టప్‌లనియు పిలుచుచున్నారు.

ఈ పద్ధతి చరిత్రను బ్రిటిష్ పాత్రికేయుడు సెబాస్టియన్ మ్యాలబీ ‘ది పవర్ లా’ అను ఇంగ్లీషు గ్రంథముగా 2022లో ప్రకటించెను. 1957లో కాలిఫోర్నియాలో ఎనమండుగురు యువ శాస్త్రజ్ఞులు తమ యజమానిని విడిచి వేరొక ట్రాన్సిస్టర్ల సంస్థను స్థాపించిన నాటినుండి ఇటీవలి కాలము వరకు ఈ కథ నడచును. గ్రంథము పెద్దది, అయినను విసుగు పుట్టింపదు. అందులో 1994 నుండి 2001 వరకు గల చరిత్ర, అనగా ఇంటర్నెట్ ప్రజల మధ్యకు వచ్చిన తొలి ఏండ్ల చరిత్ర, తక్కిన దానికెల్ల కీలకము. అంతకు ముందు వెంచర్ పెట్టుబడి కొద్దిమంది చేయు చిన్న వృత్తి. ఆ ఏడెనిమిదేండ్లలో అది దేశ దేశముల ధనమును కదలించు శక్తి అయినది. ఆ మార్పు ఎట్లు జరిగెనో మ్యాలబీ చక్కగా చూపెను. ఏల జరిగెను, దాని నుండి ఏది నేర్చుకొనవలెను అను ప్రశ్నల వద్ద మాత్రము గ్రంథము తడబడినది.

పేరులోని నియమము

గ్రంథము పేరు గణితము నుండి వచ్చినది. ‘పవర్ లా’ అనగా ఘాత నియమము. దీనిని తరగతిలోనే వివరింపవచ్చును. నలుబదిమంది విద్యార్థుల ఎత్తులు కొలిచినచో చాలమంది సగటుకు దగ్గరగా నుందురు. అందరికంటె పొడుగైన వానిని లెక్కనుండి తీసివేసినను సగటు ఒక సెంటీమీటరైనను మారదు. గణాంక శాస్త్రమున దీనిని సామాన్య విభాజనమందురు. భూకంపముల తీరు వేరు. రిక్టర్ స్కేలుపై తీవ్రత ఒక్క అంకె పెరిగినప్పుడెల్ల అట్టి భూకంపముల సంఖ్య సుమారు పదవ వంతుకు తగ్గును. చిన్నవి లెక్కకు మిక్కుటము, పెద్దవి బహు కొద్ది. కాని భూమి నుండి వెలువడు శక్తిలో అధిక భాగము ఆ కొద్ది పెద్దవానిదే. పరిమాణము ఒక నిర్ణీతమైన రెట్టు పెరిగినప్పుడెల్ల సంఖ్య ఒక నిర్ణీతమైన నిష్పత్తిలో తగ్గుచు పోయినచో అది ఘాత నియమము. ఇటలీ ఆర్థికవేత్త పారెటో 19వ శతాబ్దము చివర సంపద పంపకములో ఇట్టి తీరునే గమనించెను.

వెంచర్ పెట్టుబడి కూడ ఇట్టిదేయని మ్యాలబీ వాదము. హార్స్‌లీ బ్రిడ్జ్ అను సంస్థ లెక్కలను ఆయన చూపెను. 1985 నుండి 2014 వరకు సుమారు 7,000 అంకుర సంస్థలపై పెట్టిన పెట్టుబడులలో, మొత్తము ధనమున కేవలము 5 శాతము పొందిన సంస్థలే ఫలితమున 60 శాతము తెచ్చిపెట్టినవి.

దీని భావము చిన్న లెక్కవలన తేటపడును. ఒక మదుపరి పది సంస్థలలో ఒక్కొక్క దానియందు ఒక కోటి రూపాయలు పెట్టెననుకొనుడు. ఆరు సంస్థలు మూతబడినవి. మూడు సంస్థలు పెట్టిన సొమ్మును మాత్రము తిరిగి ఇచ్చినవి. ఒక్కటి 40 కోట్లు తెచ్చినది. పెట్టినది 10 కోట్లు, వచ్చినది 43 కోట్లు. ఒక్కొక్క సంస్థ తెచ్చిన సొమ్ము సగటున 4.3 కోట్లు, మధ్యగతము సున్న. ఆ ఒక్క సంస్థ చేజారియున్నచో 9 కోట్లకు 3 కోట్లే మిగులును. నష్టమునకు హద్దు ఉన్నది, పెట్టిన సొమ్ముకంటె ఎక్కువ పోదు. లాభమునకు హద్దు లేదు. కాబట్టి చెడ్డ సంస్థను ఎన్నుకొనుటకంటె మంచి సంస్థను జారవిడుచుటయే ఈ మదుపరికి పెద్ద తప్పు. సాధారణ వర్తకుడు నష్టమునకు వెరచును. ఈ మదుపరి గొప్ప లాభము తప్పిపోవునేమోయని వెరచును. ఈ మనఃస్థితిని మ్యాలబీ వివరించిన తీరు ప్రశంసనీయము. సగటునకు, మధ్యగతమునకు గల భేదమును బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

అయితే ఇక్కడనే ఒక హెచ్చరిక అవసరము. కొద్దిమందికి చాల, చాలమందికి కొద్ది లభించు పంపకములు పలు విధములుగా నున్నవి. ఘాత నియమము వానిలో ఒకటి మాత్రమే. 5 శాతము 60 శాతమును తెచ్చినదనుట గొప్ప అసమానతను చూపును గాని, అది ఘాత నియమమేయని రుజువు చేయదు. గ్రంథము ‘నియమము’ అను మాటను వదులుగా వాడినది. శాస్త్రమున ఒక తీరును వర్ణించుట వేరు, దాని కారణమును చెప్పుట వేరు. ఈ గ్రంథములోని ప్రధానమైన లోపము ఈ రెంటిని కలిపివేయుటలోనే ఉన్నది.

ఇంటర్నెట్‌కు పూర్వము

అసమాన ఫలితము ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. 1946లో బోస్టన్‌లో ఏర్పడిన ‘అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్’ అను పెట్టుబడి సంస్థ 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంప్యూటర్ల సంస్థలో 70,000 డాలర్లు పెట్టినది. పదునైదేండ్లలో ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లను దాటినది. అయినను ఆనాటి మదుపరులు ధనమును కుమ్మరించి ఫలితమునకై ఎదురుచూచినవారు కారు.

ఈ విషయమున గ్రంథములోని జెనెన్‌టెక్ కథ అన్నిటికంటె విలువైనది. సూక్ష్మజీవుల చేత మానవ శరీరమునకు కావలసిన ప్రోటీనులను తయారు చేయింపవచ్చునని 1976లో జీవరసాయన శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ బోయరును, రాబర్ట్ స్వాన్సన్ అను యువకుడును తలచిరి. అది అప్పటికి ఊహ మాత్రమే. క్లైనర్ పెర్కిన్స్ సంస్థకు చెందిన టామ్ పెర్కిన్స్ వారికి కర్మాగారము కట్టుటకు ధనమియ్యలేదు. ముందుగా తేలవలసిన సందేహమేదో ఆయన అడిగెను. సూక్ష్మజీవి ఆ ప్రోటీనును చేయునా, చేయదా? ఆ ప్రయోగమును అప్పటికే ఉన్న ప్రయోగశాలలలో ఒప్పందము మీద చేయించుడని చెప్పి, దానికి సరిపడు లక్ష డాలర్లు మాత్రము ఇచ్చెను. 1977లో సొమాటోస్టాటిన్ అను హార్మోను సూక్ష్మజీవి వలన లభించెను. మరుసటి ఏట ఇన్సులిను కూడ లభించెను. ఒక్కొక్క సందేహము తీరిన కొలదిని సంస్థ విలువ పెరిగినది, పెట్టుబడియు పెరిగినది. 1980లో సంస్థ వాటాలు ప్రజలకు అమ్మకమునకు వచ్చినవి.

ఈ పద్ధతికి శాస్త్ర ప్రయోగమునకు గల పోలికను విద్యార్థులు సులభముగా గుర్తింపగలరు. ఊహ, దానిని పరీక్షించు చిన్న ప్రయోగము, ఫలితమును బట్టి తరువాతి అడుగు. తప్పు ముందుగా బయటపడిన కొలదిని నష్టము తక్కువ. ఇంటర్నెట్ తొలి ఏండ్లలో ఈ క్రమశిక్షణ సడలిన తీరే అసలు కథ.

పదహారు నెలల సంస్థ

ఇల్లినాయి విశ్వవిద్యాలయములోని కంప్యూటర్ కేంద్రమున 1993లో మొజాయిక్ అను బ్రౌజరు తయారైనది. దానిని చేసినవారిలో ఒకడైన మార్క్ ఆండ్రీసెన్ అను యువకుడును, జిమ్ క్లార్క్ అను అనుభవశాలియును కలిసి 1994 ఏప్రిలులో నెట్‌స్కేప్ సంస్థను స్థాపించిరి. క్లైనర్ పెర్కిన్స్ వారు అందు 50 లక్షల డాలర్లు పెట్టిరి. 1995 ఆగస్టు 9న ఆ సంస్థ వాటాలు బజారులోకి వచ్చినవి. వాటా అమ్మిన ధర 28 డాలర్లు. ఆ సాయంకాలమునకు ధర 58 డాలర్లు దాటినది. సంస్థ పుట్టి పదహారు నెలలే అయినది. లాభమన్నది అప్పటికి లేదు. అయినను దాని విలువ 200 కోట్ల డాలర్లను మించినది.

ఈ ఒక్క దినము మూడు పాత నమ్మకములను మార్చివేసినది. వాటాలను ప్రజలకు అమ్మవలెనన్నచో కొన్ని ఏండ్లు లాభము చూపవలెననునది మొదటి నమ్మకము. పెట్టుబడి పండుటకు చాల ఏండ్లు పట్టుననునది రెండవది. సంస్థను నడుపుటకు నెరసిన తలలు కావలెననునది మూడవది. మూడింటికిని కాలము చెల్లినట్లు తోచినది. మ్యాలబీ ఈ మార్పును ఎంతో నేర్పుతో వర్ణించెను.

తరువాత యాహూ వచ్చినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన వెబ్ చిరునామాలను వర్గములుగా పేర్చి 1994లో ఒక జాబితా చేసిరి. అది అమ్ముడుపోవు వస్తువు కాదు. చూచుటకు ఎవరును డబ్బు ఇయ్యనక్కరలేదు. 1995లో సెకోయా సంస్థకు చెందిన మైకేల్ మోరిట్జ్ అందు సుమారు పది లక్షల డాలర్లు పెట్టెను. పాఠకులకు ఉచితముగా ఇచ్చి, ప్రకటనల వలన సంపాదించు పద్ధతి ఇట్లు అంకుర సంస్థల లోకమున స్థిరపడినది.

1996లో జపాను దేశపు సాఫ్ట్‌బ్యాంక్ అధిపతి మసయోషి సోన్ అదే యాహూలో పది కోట్ల డాలర్లకు పైగా పెట్టుటకు సిద్ధపడెను. అంత ధనము తమకు అవసరము లేదని యాహూ స్థాపకులు తలచిరి. తీసికొననిచో ఆ సొమ్మును వారి పోటీదారులకు ఇత్తునని సోన్ సూచించెను. వారు తీసికొనిరి. ఆ ఏడు ఏప్రిల్ 12న యాహూ వాటా 13 డాలర్లకు అమ్మకమునకు వచ్చి 33 డాలర్ల వద్ద ముగిసినది. సోన్‌కు అపారమైన లాభము కలిగినది.

గ్రంథములో ఈ ఘట్టము ఒక వీరుని సాహసముగా మెరయుచున్నది. నిజమునకు ఇది పద్ధతియొక్క మలుపు. జెనెన్‌టెక్‌లో ధనము సందేహమును తీర్చు సాధనము. ఇక్కడ ధనము పోటీదారుని బెదరించు ఆయుధము. అడుగు వెంట అడుగు పరీక్షించు పనికి బదులు అందరికంటె ముందు పరుగెత్తు పని వచ్చినది. ‘త్వరగా పెద్దవి కండు’ అనునది ఆనాటి మంత్రము. అమెరికాలో వెంచర్ పెట్టుబడి 1995లో ఏటికి సుమారు 800 కోట్ల డాలర్లుండగా 2000 సంవత్సరమున 10,000 కోట్ల డాలర్లను దాటినది. ఐదేండ్లలో పన్నెండు రెట్లకు మించి పెరిగిన ఈ ధనమునకు తగినన్ని మంచి భావములు అంత త్వరగా పుట్టునా అను ప్రశ్నను ఆనాడు అడిగినవారు కొద్దిమంది.

రెండు సంస్థలు, ఒకే మదుపరి

నియమముయొక్క కారణమును వెదకుటకు గ్రంథములోనే మంచి ఆధారములున్నవి. ఈబే అను వేలముపాటల సంస్థను తీసికొనుడు. బెంచ్‌మార్క్ సంస్థ 1997లో అందు 67 లక్షల డాలర్లు పెట్టినది. రెండేండ్లలోనే ఆ వాటా విలువ 500 కోట్ల డాలర్ల వరకు పెరిగినది. వెబ్‌వ్యాన్ అను సంస్థ ఇంటర్నెట్‌లో కోరిన కూరగాయలను, సరకులను అరగంట గడువులో ఇంటికి చేర్చుటకు బయలుదేరినది. ఇందును అదే బెంచ్‌మార్క్, యాహూను పోషించిన అదే సెకోయా ధనము పెట్టినవి. ఆ సంస్థ 1999లో 26 పెద్ద గోదాములు కట్టించుటకు 100 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొన్నది. 2001 జులైలో దివాలా తీసినది. మదుపరులు వారే, కాలము అదే, ధైర్యము అదే. మరి ఫలితము ఇంత భిన్నమగుటకు కారణమేమి?

కారణము వ్యాపార నిర్మాణములో నున్నది. పది టెలిఫోన్లు గల ఊరిలో ఇద్దరిద్దరుగా మాటలాడుకొనుటకు 45 జతలు వీలగును. వంద టెలిఫోన్లున్నచో 4,950 జతలు వీలగును. సభ్యులు పది రెట్లు పెరుగగా సంబంధములు 110 రెట్లు పెరిగినవి. ఈబే ఇట్టిది. కొనువారు పెరిగిన కొలదిని అమ్మువారు వచ్చిరి; అమ్మువారు వచ్చిన కొలదిని కొనువారు ఇంకను వచ్చిరి. సరకు ఈబేది కాదు, గోదాము లేదు, బండి లేదు. బెంచ్‌మార్క్ వచ్చునాటికే అది లాభములో నుండెను. మదుపరులిచ్చిన సొమ్మును ఖర్చు పెట్టవలసిన అవసరమే దానికి దాదాపు కలుగలేదు.

వెబ్‌వ్యాన్‌కు ఈ గుణము లేదు. పొరుగువాడు వంకాయలు తెప్పించుకొనినంత మాత్రమున ఇవతలివాని వంకాయలకు విలువ పెరుగదు. ప్రతి గడపకు బండి పోవలెను, మనిషి మోయవలెను, కూర వాడిపోకుండ చూడవలెను. వ్యాపారము రెట్టింపైనచో ఖర్చును రెట్టింపునకు దగ్గరగా పెరుగును. ఇట్టి వ్యాపారము నడువదని కాదు. మెల్లగా, ఒక ఊరిలో లెక్క సరిపోయిన తరువాత మరియొక ఊరికి పోవుచు పెరుగవలసినది. దానిని వలయల్లిక వంటి వ్యాపారమని భ్రమించి పరుగెత్తించుటయే నాశనహేతువైనది.

కాబట్టి ఇంటర్నెట్ తొలి ఏండ్లలో కనబడిన విపరీతమైన అసమాన ఫలితము ప్రధానముగా వలయల్లికల గుణము. ఒకసారి చేసిన దానిని ఖర్చు లేకుండ కోటిమందికి అందింపగల వస్తువుల గుణము. దానిని మదుపరి ధైర్యముయొక్క ఫలముగా భావించుట కారణమును తారుమారు చేయుటయే. గెలిచినది గెలుపువలననే ఇంకను పెరుగునను సంగతి మ్యాలబీకి తెలియును, చెప్పెను కూడ. కాని అది ఏ వ్యాపారమునకు వర్తించును, దేనికి వర్తింపదు అను విభజనను తగినంత స్పష్టముగా చేయలేదు. ఆ విభజన లేనందున వెబ్‌వ్యాన్ ఆయన చేతిలో ఒక దురదృష్టకరమైన మినహాయింపుగా మిగిలిపోయినది.

ఇది గతించిన విషయము కాదు. సోన్ 1996లో నేర్చిన పాఠమునే 2017లో సుమారు 10,000 కోట్ల డాలర్ల నిధితో మరల ఆచరించెను. ఆఫీసు గదులను అద్దెకు తీసికొని మరల అద్దెకిచ్చు వీవర్క్ సంస్థ ఆ ధనముతో 2019 ఆరంభమున 4,700 కోట్ల డాలర్ల విలువ కలదిగా లెక్కింపబడెను. అదే ఏట వాటాలను అమ్మబోయి విరమించుకొన్నది. గ్రంథము వెలువడిన తరువాత, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరినది. గదికి గోడలుండును, ఒక గదిని కోటి గదులుగా నకలు తీయుటకు వీలుపడదు.

అదృష్టమా, నైపుణ్యమా?

1,024 మంది తలకొక నాణెమును పదేసిసార్లు ఎగురవేసినచో, సగటున ఒకనికి పదిసార్లును బొమ్మయే పడును. ఆ ఒకని జీవిత చరిత్రను వ్రాసినచో అతడు నాణెమును పట్టుకొను తీరు, ఎగురవేయుటకు ముందు చూపిన ఏకాగ్రత మొదలగునవి గొప్ప పాఠములుగా కనబడును. తక్కిన 1,023 మంది ఆ పుస్తకములో నుండరు. గెలిచినవారిని మాత్రమే చూచి గెలుపునకు కారణము చెప్పుటలోని ప్రమాదము ఇది.

మ్యాలబీ ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. చివరి ప్రకరణమున అదృష్టమును నైపుణ్యమును గూర్చి చర్చించి, నైపుణ్యము నిజమైనదేయని తీర్మానించెను. ఆయన పక్షమున కొంత సత్యమున్నది. స్థాపకులను కలుపుట, తగిన మనుష్యులను చేర్చుట, చిక్కులలో సలహా చెప్పుట నాణెమెగురవేయుట వంటివి కావు. పెర్కిన్స్ జెనెన్‌టెక్‌కు చేసిన సాయము నిస్సందేహముగా నైపుణ్యమే. కాని ఒకసారి గెలిచిన మదుపరి వద్దకు తరువాతి మంచి స్థాపకులు తామే వత్తురు. మొదటి గెలుపు అదృష్టమైనను రెండవది పేరు ప్రతిష్ఠల ఫలము కావచ్చును. ఈ రెంటిని వేరుచేయుటకు కథలు చాలవు. ఓడినవారి లెక్కలును కావలెను. గ్రంథమున కథలు సమృద్ధిగా నున్నవి, ఆ లెక్కలు స్వల్పముగా నున్నవి.

విత్తనము ఎవరిది?

మరియొక విషయమున త్రాసు ఒక వైపునకు మొగ్గినది. 1969లో మొదలైన ఆర్పానెట్ అమెరికా రక్షణశాఖ సొమ్ముతో నడచినది. దాని తరువాతి ప్రధాన మార్గమును ఆ దేశపు జాతీయ విజ్ఞాన సంస్థ 1995 ఏప్రిల్ వరకు పోషించినది. వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ ఐరోపా దేశముల ఉమ్మడి పరిశోధనాలయమైన సెర్న్‌లో రూపొందించెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దానిని ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు లోకమునకు విడిచిపెట్టినది. మొజాయిక్ ప్రభుత్వ సహాయముగల కేంద్రములో పుట్టినది. గూగుల్ స్థాపకులు స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధనకును జాతీయ విజ్ఞాన సంస్థ విరాళము తోడ్పడినది.

మ్యాలబీ దీనిని దాచలేదు. ప్రభుత్వము ఆరంభించిన దానిని జనసామాన్యమునకు చేర్చినది వెంచర్ పెట్టుబడియేయని ఆయన అభిప్రాయము. అది కొంత వరకు నిజము. కాని ఇరువది అయిదేండ్లు ఫలము కోరక పోసిన నీరు లేనిదే పంట లేదు. వెంచర్ మదుపరి పదేండ్లకు మించి వేచియుండలేడు. అతని నిధి కాలపరిమితియే సాధారణముగా అంత. మూల పరిశోధనకు అంతకంటె దీర్ఘమైన ఓర్పు కావలెను. సెర్న్ వెబ్‌పై హక్కులు నిలుపుకొని రుసుము వసూలు చేసియున్నచో నెట్‌స్కేప్, యాహూ, ఈబే ఏ దారిన నడచియుండెడివో ఆలోచింపదగినది. ఆ ఉచితమైన ఉమ్మడి నేల మీదనే ఘాత నియమపు మహావృక్షములు మొలచినవి.

గ్రంథమున కానరానివారు

నాస్‌డాక్ వాటాల సూచీ 2000 మార్చి 10న 5,048 వద్ద ముగిసినది. 2002 అక్టోబరు 9 నాటికి 1,114కు దిగజారినది. నూటికి 78 వంతుల విలువ హరించినది. మరల ఆ ఎత్తునకు చేరుటకు 2015 వరకు పట్టినది. ముందుగా వాటాలు అమ్ముకొనిన మదుపరులు ధనవంతులైరి. చివర కొన్న సామాన్యులు నష్టపోయిరి. 1979లో అమెరికా నిబంధనలు సడలిన పిమ్మట ఉద్యోగుల పింఛను నిధులు కూడ వెంచర్ పెట్టుబడిలోనికి వచ్చినవి. ఇతరుల వృద్ధాప్యపు సొమ్ముతో ఆడు ఆటలో నష్టమునకు హద్దు ఉన్నదనుట ఆ ఇతరులకు అంతగా ఓదార్పు కాదు.

పనివారి మాట గ్రంథమున ఇంకను తక్కువ. ఆ సంస్థల యంత్రాంగమును నిర్మించిన ఇంజనీర్లలో భారతీయులు, వారిలో తెలుగువారు పెక్కుమంది. అమెరికా హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితి 65,000 నుండి 1999లో 1,15,000కు, 2001లో 1,95,000కు పెరిగినది. హైదరాబాదులో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ఆరంభమైనది. అమీర్‌పేట వీధులలో కంప్యూటరు శిక్షణాలయములు వెలసినవి. 2001లో సంస్థలు మూతబడగా వీసా ఉద్యోగము మీదనే ఆధారపడిన పలువురు ఇంటిదారి పట్టవలసి వచ్చినది. మదుపరికి పది సంస్థలుండును. తొమ్మిది పోయినను ఒక్కటి నిలుపును. ఇంజనీరుకు, స్థాపకునకు ఉన్నది ఒక్కటే జీవితము. పది జీవితములపై సగటు తీయుటకు అతనికి వీలు లేదు. మదుపరికి అనుకూలమైన గణితము స్థాపకునకు అనుకూలము కాకపోవచ్చునను ఈ సామాన్య సత్యమును గ్రంథము ఎక్కడను నిలిచి చెప్పలేదు. విద్యార్థులకు అంకుర సంస్థలను గూర్చి బోధించు ఈ దినములలో ఈ మాట చెప్పక విడుచుట తగదు.

పతనము తరువాత వచ్చిన మార్పులను మ్యాలబీ సవిస్తరముగా చెప్పెను. 1999 జూన్‌లో గూగుల్ స్థాపకులు క్లైనర్ పెర్కిన్స్, సెకోయా సంస్థల నుండి రెండున్నర కోట్ల డాలర్లు తీసికొనియు అధికారము తమ చేతిలోనే నిలుపుకొనిరి. 2004లో తమ వాటా ఒక్కటికి పది ఓట్లు ఉండునట్లు ఏర్పాటు చేసికొనిరి. స్థాపకులను మదుపరులు తొలగించు పాతకాలము అంతరించి, స్థాపకులను అదుపు చేయువారే లేని కాలము వచ్చినది. 2005లో ఆరంభమైన వై కాంబినేటర్ వేరొక దారి చూపినది. కొద్ది వేల డాలర్లు, కొన్ని వారములు, ఒక చిన్న నమూనా, దానిని వాడువారి అభిప్రాయము. ఇది పెర్కిన్స్ పద్ధతికే మరియొక రూపము. అనగా పరుగుపందెము, ప్రయోగము అను రెండు వారసత్వములను తొలి ఇంటర్నెట్ యుగము మిగిల్చినది. ఏది శాస్త్రమునకు దగ్గరదో గ్రంథములోని సామగ్రియే చెప్పుచున్నది. గ్రంథకర్త మాత్రము రెంటిని ఒకే గౌరవముతో చూచెను.

ఇన్ని లోపములు చెప్పినను ఈ గ్రంథము చదువదగినది. శైలి సరళము, వ్యక్తిచిత్రణము సజీవము. తన వాదమునకు ప్రతికూలమైన సంగతులను కూడ గ్రంథకర్త పాఠకుని ముందు ఉంచెను. ఈ విమర్శకు ఆధారములు చాలవరకు ఆయన ప్రకరణముల నుండియే లభించుట దానికి నిదర్శనము. ఇంగ్లీషు చదువగల ఉపాధ్యాయులు ముందుగా జెనెన్‌టెక్ కథను, పిమ్మట యాహూ కథను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో మేలు. పై తరగతుల విద్యార్థులకు పది సంస్థల లెక్కను, టెలిఫోన్ల జతల లెక్కను నల్లబల్ల మీద చేయించి, ఈ రెంటిలో ఏది ఏ వ్యాపారమునకు వర్తించునో వారినే అడుగవచ్చును. ఊరిలోని పాలకేంద్రమును, సెల్‌ఫోనులోని సందేశముల యాప్‌ను ఉదాహరణములుగా ఇచ్చినచో తరగతి తానే విభజనను కనుగొనును.